ఫుట్‌బాల్: వరుసలో నిలబడితే రాని పాస్, నలుగురికి నలుగురు ఆడితే ఎందుకు వస్తుంది?

పన్నెండు మంది పిల్లలు ఒకే వరుసలో నిలబడతారు. ముందున్న అబ్బాయి కోన్ల మధ్య నుంచి బంతిని తీసుకెళ్లి, అవతల ఉన్న కోచ్‌కి పాస్ ఇచ్చి, పరుగెత్తుకుంటూ వచ్చి వరుస చివర చేరతాడు. ఒక్కొక్కరికి పది సెకన్లు పడుతుందనుకుంటే, మళ్లీ తన వంతు వచ్చేసరికి రెండు నిమిషాలు. అంటే పది నిమిషాల సాధనలో ఒక్కో పిల్లాడికి దక్కేది ఐదు పాస్‌లు. మిగతా సమయమంతా నిలబడటం, ముందున్నవాడి చొక్కా లాగడం, కోచ్‌తో తిట్లు తినడం.

దేశంలో చాలా స్కూలు మైదానాల్లో, సమ్మర్ క్యాంపుల్లో ఫుట్‌బాల్ శిక్షణ అంటే ఇప్పటికీ దాదాపు ఇదే. వరుసలు అయ్యాక చివరి అరగంట 'మ్యాచ్' ఉంటుంది. అది కూడా పెద్దలు ఆడే మైదానంలోనే, అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది. తొమ్మిది పదేళ్ల పిల్లలు బంతి ఎటు పోతే అటు గుంపుగా పరుగెడతారు. కాస్త పొడుగ్గా, బలంగా ఉన్న ఇద్దరు ముగ్గురే బంతిని తన్నుతుంటారు. గోల్‌కీపర్ ఆకాశం చూస్తుంటాడు.

ఆ అరగంట తర్వాత కోచ్‌ల నోట తరచూ వినిపించే మాట: 'ప్రాక్టీస్‌లో పాస్‌లు బాగానే ఇస్తారు, మ్యాచ్‌లోకి వచ్చేసరికి మర్చిపోతారు.' నిజానికి పిల్లలు దేన్నీ మర్చిపోవడం లేదు. మ్యాచ్‌లో పనికొచ్చే పాస్‌ను వాళ్లు అసలు నేర్చుకోనేలేదు. వరుసలో వాళ్లకు వచ్చింది బంతిని సూటిగా తన్నడం మాత్రమే. ఈ తేడాను గుర్తించిన దేశాలు గత నలభై ఏళ్లలో పిల్లల ఫుట్‌బాల్‌ను చిన్నది చేసేశాయి. మైదానం చిన్నది, జట్టు చిన్నది, గోల్ కూడా చిన్నది. విచిత్రం ఏమిటంటే, ఆట నియమాన్ని మార్చి ఆటగాడికి నేర్పే పద్ధతిని అంతకంటే ముందే హైదరాబాద్‌లో ఒక స్కూలు టీచర్ పట్టుకున్నారు. ఆయన గురించి కాసేపట్లో.

కోన్ బంతిని లాక్కోదు

పాస్ ఇవ్వడంలో తన్నడం చివరి పని. అంతకుముందే చాలా జరగాలి. బంతి కాళ్ల దగ్గరికి రాకముందే తల తిప్పి చూడాలి. తోటి ఆటగాడు ఎక్కడున్నాడు, అతడి దగ్గర ఎవరున్నారు, తన వైపు ఎవరు వస్తున్నారు, దారి తెరిచి ఉందా మూసుకుపోయిందా అన్నది క్షణంలో తేల్చుకోవాలి. ఇవ్వాలా, తనే తీసుకెళ్లాలా, ఒక్క అడుగు ఆగి ఇవ్వాలా అని నిర్ణయించుకోవాలి. ఆ తర్వాత, ఎంత బలంగా, ఏ కాలికి ఇవ్వాలన్నది వస్తుంది.

వరుసలో ఇవేమీ ఉండవు. కోన్ ఎటూ కదలదు, బంతిని లాక్కోదు. ఎవరికి ఇవ్వాలో కోచ్ ముందే చెప్పేశాడు. ఎప్పుడు ఇవ్వాలో కూడా చెప్పేశాడు. పిల్లాడికి మిగిలింది కాలు ఆడించడం ఒక్కటే. అందుకే ప్రత్యర్థి ఎదురుగా రాగానే ఆ పిల్లాడు తల దించుకుని బంతినే చూస్తాడు, లేదా కళ్లు మూసుకుని ముందుకు బాదేస్తాడు. చూడటం అతడికి ఎవరూ నేర్పలేదు మరి.

డిఫెన్స్ పరిస్థితి ఇంకా దయనీయం. వరుసల సాధనలో డిఫెండర్ అనేవాడే ఉండడు. దాంతో అడ్డుకోవడం అంటే మీద పడటం, కాలు పెట్టడం అనే పిల్లలు అనుకుంటారు. పాస్‌ను నేర్పేది డిఫెండరే, డిఫెన్స్‌ను నేర్పేది పాసరే. ఒకరిని తీసేస్తే రెండోవాడికి పాఠం లేదు. చిన్న ఆటల శిక్షణ మొత్తం ఈ సంగతి మీదే నిలబడి ఉంది.

నలుగురే ఎందుకు?

1980లలో డచ్ ఫుట్‌బాల్ సంఘానికి ఒక దిగులు పట్టుకుంది. వీధుల్లో కార్లు పెరిగి, పిల్లలు వీధి ఫుట్‌బాల్ ఆడటం తగ్గిపోయింది. యొహాన్ క్రైఫ్ తరం వీధుల్లో నేర్చుకున్నదాన్ని క్లబ్బుల్లో ఎలా నేర్పాలి? దానికి వాళ్లు ఎంచుకున్న జవాబు నలుగురికి నలుగురు ఆట. ఫుట్‌బాల్‌లో ఉన్నవన్నీ పోకుండా ఆటను ఎంత వరకు కుదించవచ్చో చూస్తే, నలుగురి దగ్గర ఆగిందన్నది వాళ్ల వాదన.

ఎందుకంటే బంతి ఉన్నవాడికి ముగ్గురు తోడు ఉంటారు. ఒకరు ఎడమ, ఒకరు కుడి, ఒకరు ముందు. నలుగురినీ గీతలతో కలిపితే గాలిపటం ఆకారం వస్తుంది. ఎటు తిరిగినా పాస్‌కు దారి ఉంటుంది. ముగ్గురికి ముగ్గురైతే ముందు ఒకరు ఉంటే పక్కన ఒకరు తగ్గుతారు. అయిదుగురు, ఆరుగురు అయ్యేసరికి ఒకరిద్దరు దాక్కునే వీలు మొదలవుతుంది. నలుగురిలో దాక్కోవడం కుదరదు. బంతి రెండు పాస్‌లు తిరిగేలోపు ఎవరి దగ్గరికైనా వచ్చేస్తుంది.

ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ యునైటెడ్ అకాడమీ 2000ల తొలి ఏళ్లలో తొమ్మిదేళ్లలోపు పిల్లల మ్యాచ్‌లను ఎనిమిదికి ఎనిమిది నుంచి నాలుగుకు నాలుగుకు మార్చి చూసింది. మాంచెస్టర్ మెట్రోపాలిటన్ యూనివర్సిటీ పరిశోధకులు రెండింటినీ పోల్చారు. చిన్న ఆటలో పాస్‌లు 135 శాతం, గోల్ ప్రయత్నాలు 260 శాతం ఎక్కువ. ఒకరికి ఒకరు తలపడే సందర్భాలు 225 శాతం, డ్రిబ్లింగ్ నైపుణ్యాల ప్రదర్శన 280 శాతం పెరిగాయి. గోల్స్ అయితే 500 శాతం ఎక్కువ. జట్టు చిన్నదైతే పాస్‌లు పెరిగి డ్రిబ్లింగ్ తగ్గుతుందేమోనన్న అనుమానం చాలామందికి ఉంటుంది. ఇక్కడ రెండూ పెరిగాయి.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం 2012లో పిల్లల పోటీల పద్ధతినే మార్చింది: మొదట ఐదుగురు, తర్వాత ఏడుగురు, తొమ్మిది మంది, పన్నెండేళ్లు దాటాకే పదకొండు. అమెరికా 2017లో నాలుగు, ఏడు, తొమ్మిది అంటూ ఇదే దారి పట్టింది. బెల్జియం అంతకుముందే ఐదు, ఎనిమిది అంచెలకు మారింది. ఆ దేశం 2015లో ఫిఫా ర్యాంకింగ్స్‌లో మొదటి స్థానానికి, 2018 ప్రపంచకప్‌లో మూడో స్థానానికి వెళ్లింది. చిన్న ఆటల వల్లే ఇదంతా జరిగిందని చెప్పడం అతి అవుతుంది. కానీ ఆ జట్టు ఆటగాళ్లు చాలామంది ఆ మార్పు తర్వాత పెరిగిన పిల్లలే. జర్మనీ 2024-25 సీజన్ నుంచి మరీ ముందుకెళ్లి, అతి చిన్న వయసు వాళ్లకు ఇద్దరికి ఇద్దరు, ముగ్గురికి ముగ్గురు ఆటలను దేశమంతటా తప్పనిసరి చేసింది.

నడుమ దొంగ

ఈ ఆటల్లో అందరికీ తెలిసినది రోండో. వలయంగా నిలబడ్డ నలుగురైదుగురు బంతిని పాస్ చేసుకుంటుంటే, మధ్యలో ఉన్న ఒకరిద్దరు దాన్ని లాక్కోవాలి. బార్సిలోనా జట్టు వార్మప్ వీడియోల పుణ్యమా అని ప్రపంచమంతా పాకింది. తెలుగు పిల్లలకు దీన్ని వివరించాల్సిన పని లేదు. నడుమ ఉన్నవాడు 'దొంగ', అంతే. బంతి పోగొట్టుకున్నవాడు దొంగ అవుతాడు.

చూడటానికి సరదా ఆటే అయినా ఇందులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది. నలుగురికి ఒక దొంగ ఉన్నప్పుడు పాస్ ఇవ్వడం తేలిక. ఐదుగురికి ఇద్దరు దొంగలు కాగానే ఆట మారిపోతుంది. ఇప్పుడు పక్కవాడికి పాస్ ఇవ్వడం సులువు, కానీ దాంతో ఏమీ ఒరగదు. దొంగలు కాస్త జరిగితే చాలు. ఆ ఇద్దరి మధ్య సందులోంచి అవతలివాడికి పంపిన పాస్ వాళ్లిద్దరినీ ఒకేసారి తిప్పేస్తుంది. అందుకే చాలాచోట్ల ఒక నియమం పెడతారు: ఇద్దరు దొంగల మధ్య నుంచి బంతి వెళితే, వాళ్లు ఇంకో వంతు అక్కడే ఉండాలి.

ఈ ఒక్క నియమంతో బయటివాళ్లు సందు కోసం వెతకడం మొదలుపెడతారు. లోపలి ఇద్దరు ఆ సందును మూయడం నేర్చుకుంటారు. ఒకడు బంతి మీదికి వెళ్తే రెండోవాడు అతడి వెనక కొంచెం పక్కగా నిలవాలి. ఇద్దరూ ఒకే గీత మీద ఉంటే దెబ్బతిన్నట్టే. ఇద్దరూ ఒకేసారి బంతి మీదికి ఉరికినా దెబ్బే. కోచ్ ఒక్క మాట చెప్పకుండానే పది నిమిషాల్లో ఇది పిల్లల బుర్రకెక్కుతుంది. ఎక్కకపోతే ఇంకో వంతు దొంగగా ఉండాలి కదా!

రోండోకు ఒక పెద్ద లోపం ఉంది. అందులో గోల్ లేదు, కాబట్టి దిశ లేదు. బంతి ఎటు వెళ్లినా ఒకటే. రోజూ అరగంట రోండో ఆడించే అకాడమీల్లో పిల్లలు అందంగా పాస్‌లు తిప్పుతారు, కానీ మ్యాచ్‌లో ముందుకు వెళ్లడం తెలియక అటూ ఇటూ పంపుకుంటూ ఉండిపోతారు. రోండో పది నిమిషాలు చాలు.

నాలుగు గోల్స్ ఆట

దిశను నేర్పడానికి మంచి ఆట, నాలుగు చిన్న గోల్స్ ఉన్నది. మైదానం ప్రతి చివరా రెండు మూలల్లో రెండేసి గోల్స్. ఒక్కో జట్టు రెండు గోల్స్‌ను కాపాడుకోవాలి, అవతలి రెండింటిలో దేనిలోనైనా వేయొచ్చు. గోల్‌కీపర్ ఉండడు. గోల్‌కు ఇనుప పోస్టులు అక్కర్లేదు. రెండు ఇటుకలు, రెండు చెప్పులు, రెండు నీళ్ల సీసాలు చాలు.

హాకీ నుంచి ఫుట్‌బాల్‌కు వచ్చిన జర్మన్ కోచ్ హోర్స్ట్ వైన్ 'ఫునినో' పేరుతో ముగ్గురికి ముగ్గురుగా ప్రచారం చేసింది ఈ రకం ఆటనే. గోల్‌కు ఆరు మీటర్ల దగ్గరికి వచ్చాకే వేయాలన్నది ఆయన పెట్టిన నియమం. లేకపోతే దూరం నుంచి బాదేవాడిదే రాజ్యం అవుతుంది.

ఒక గోల్ ఉంటే పిల్లలంతా దాని ముందే గుమిగూడతారు. రెండు ఉంటే, ఒకవైపు జనం ఎక్కువైనప్పుడు రెండో వైపు ఖాళీ అవుతుంది. బంతి ఉన్నవాడు తలెత్తి చూస్తే అది కనిపిస్తుంది. చూడకపోతే జనంలోకే దూరి బంతి పోగొట్టుకుంటాడు. తలెత్తి చూడమని కోచ్ అరవాల్సిన పని లేదు, చూసినవాడికి గోల్ దొరుకుతుంది.

డిఫెన్స్ చేసేవాళ్లకు దీనికి ఎదురు సమస్య. ఇద్దరు ఒక గోల్ దగ్గర, ఇద్దరు రెండో గోల్ దగ్గర కాపలా కాస్తే మధ్యలో దారి వదిలేసినట్టే. నలుగురూ బంతి ఉన్న వైపుకు కలిసి జరగాలి, దూరపు గోల్‌ను కాసేపు వదిలేయాలి, బంతి అటు మళ్లే సూచన కనిపించగానే మళ్లీ కలిసి జరగాలి. పెద్ద మ్యాచ్‌లో నలుగురు డిఫెండర్ల వరుస చేసే పని సరిగ్గా ఇదే. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి బోర్డు మీద బాణాలు గీసి చెప్పేదాన్ని తొమ్మిదేళ్ల పాప ఇటుకల మధ్య ఆడి నేర్చుకోగలదు.

ఆపడం అంటే లాక్కోవడం ఒక్కటే కాదు

డిఫెన్స్ నేర్పడంలో మొదటి చిక్కు, పిల్లలకు ఓపిక ఉండదు. బంతి కనిపించగానే దాని మీదికి దూకుతారు. కాస్త నేర్పు ఉన్న ప్రత్యర్థి పక్కకు తప్పుకుని వెళ్లిపోతాడు. టీవీ వ్యాఖ్యాతలు మెచ్చుకునే స్లైడింగ్ టాకిల్ కూడా చాలాసార్లు డిఫెండర్ ముందే తప్పు చోట నిలబడ్డాడనడానికి గుర్తు.

దీనికి కబడ్డీ తెలిసినవాళ్లకు ఒక పోలిక దొరుకుతుంది. రైడర్ రాగానే ఒక్కడే ముందుకు దూకే డిఫెండర్ పాయింట్ ఇచ్చేస్తాడు. కార్నర్‌లో ఉన్నవాడు ఆగుతాడు, కవర్‌లో ఉన్నవాడు దారి మూస్తాడు, రైడర్ చిక్కుకున్నాక అందరూ కలుస్తారు. ఫుట్‌బాల్‌లోనూ వరుస ఇదే. బంతి ఉన్నవాడి దగ్గరికి వేగంగా వెళ్లాలి, చేయి చాస్తే అందేంత దూరంలో వేగం తగ్గించాలి. ఎదురుగా నిలబడకుండా కాస్త పక్కకు తిరిగి, అతడిని గీత వైపు నెట్టాలి. అతడు తల దించేసరికి రెండో డిఫెండర్ వెనక చేరి ఉండాలి. లాక్కోవడం ఆ తర్వాత.

ఇది నేర్పడానికి ఇద్దరికి ఇద్దరు ఆట బాగా పనిచేస్తుంది. దాడి చేసే జట్టు పది సెకన్లలో గోల్ వేయాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది. ఇప్పుడు డిఫెండర్‌కు బంతి లాక్కోవాల్సిన తొందర లేదు. పది సెకన్లు ఆలస్యం చేయగలిగితే అతడు గెలిచినట్టే. ఇలాంటి చోట పిల్లలకు మొదటిసారి ఒక విషయం తడుతుంది: బంతిని తాకకుండానే ప్రత్యర్థిని ఓడించవచ్చు.

నలుగురికి నలుగురు ఆటలో ఇంకో నియమం పెట్టొచ్చు. గోల్ పడే సమయానికి ఆ జట్టు ఆటగాళ్లంతా సగం గీత దాటి ఉంటేనే గోల్ లెక్క. వెనక నడుచుకుంటూ వచ్చేవాడి వల్ల గోల్ పోతే అతడికి కోచ్ చెప్పనక్కర్లేదు, మిగతా ముగ్గురే చూసుకుంటారు. జట్టు మొత్తం దగ్గర దగ్గరగా కదలడం అలవాటవుతుంది. బంతి పోయినప్పుడు దాన్ని వెంటనే తిరిగి తెచ్చుకోవడానికి ఆ దగ్గరతనమే అక్కరకొస్తుంది.

మైదానం కొలతే కోచ్ చేతిలో మీట

చిన్న ఆటల్లో కోచ్ పని తగ్గిపోతుందనుకుంటే పొరపాటు. పని వేరే చోటికి మారుతుంది. పెద్ద మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. ఇరవై ఇద్దరికి పంచితే ఒక్కొక్కరికి దాదాపు 325 చదరపు మీటర్లు. క్రికెట్ పిచ్ పొడవు ఇరవై మీటర్ల పైచిలుకు. ఆ కొలతతో ఒక చదరం గీసి అందులో ఎనిమిది మందిని ఆడిస్తే ఒక్కొక్కరికి యాభై చదరపు మీటర్లే. బంతి అందుకున్న మరుక్షణం ఎవరో ఒకరు మీదికి వస్తారు.

స్థలం పెంచితే పాస్ ఇచ్చేవాళ్లకు తేలిక, తగ్గిస్తే డిఫెన్స్ చేసేవాళ్లకు తేలిక. పాస్‌లు మూడు దాటకుండానే ప్రతిసారీ బంతి పోతుంటే కోన్లను రెండడుగులు బయటికి జరపాలి. డిఫెండర్లు బంతి ముఖమే చూడకపోతే లోపలికి జరపాలి. ఇంకో మార్గం, ఒక అదనపు ఆటగాడిని పెట్టడం. రంగు బిబ్ వేసుకున్న ఈ 'జోకర్' బంతి ఏ జట్టు దగ్గర ఉంటే ఆ జట్టు తరఫున ఆడతాడు. పాస్‌కు ఎప్పుడూ ఒకరు ఎక్కువ ఉంటారు. పిల్లలు కుదురుకున్నాక జోకర్‌ను తీసేయాలి.

మన ఊళ్లలో పెద్ద ఫుట్‌బాల్ మైదానం లేదన్న బాధ దీంతో చాలావరకు తీరుతుంది. 13 మీటర్లు, 10 మీటర్ల కబడ్డీ కోర్టు, నలుగురికి ఇద్దరు రోండోకు సరిపోతుంది. 28 మీటర్లు, 15 మీటర్ల బాస్కెట్‌బాల్ కోర్టులో నలుగురికి నలుగురు ఆడొచ్చు. ఫుట్‌బాల్ ఆడే ఆడపిల్లలు ఊళ్లో ఇరవై రెండు మంది దొరకరు. ఎనిమిది మంది దొరుకుతారు.

అయితే నియమాలు పెట్టడంలో కూడా చేయి తిరగాలి. బాగా ప్రచారంలో ఉన్న 'ఐదు పాస్‌ల తర్వాతే గోల్' అనే నియమం చాలాసార్లు చెడగొడుతుంది. పిల్లలు లెక్క పూర్తి చేయడానికి పక్కవాడితో అటూ ఇటూ నాలుగు పాస్‌లు ఆడేస్తారు. గోల్ ముందు ఖాళీ ఉన్నా వెనక్కి ఇస్తారు. ఐదు దాకా ప్రమాదం లేదని డిఫెండర్లకూ తెలిసిపోతుంది. 'రెండు టచ్‌లకు మించకూడదు' అన్నదీ అంతే. కాసేపు పనికొస్తుంది, కానీ డ్రిబ్లింగ్ చేయాల్సిన చోట కూడా పాస్ ఇచ్చే అలవాటు చేస్తుంది. తప్పనిసరి చేయడం కంటే బహుమతి పెట్టడం మేలు. ఇద్దరు డిఫెండర్ల మధ్య నుంచి వెళ్లిన పాస్‌తో గోల్ పడితే రెండు గోల్స్‌గా లెక్కించండి, మిగతాది పిల్లలే చూసుకుంటారు.

కోచ్‌కు అన్నిటికంటే కష్టమైనది నోరు కట్టేసుకోవడం. 'రవికి ఇవ్వు, రవికి ఇవ్వు' అని గీత అవతల నుంచి అరిస్తే పిల్లాడు చూడటం మానేసి వింటాడు. అప్పుడు చిన్న ఆట కూడా కోన్ల వరుసతో సమానమే. ఆట ఆగినప్పుడు 'బంతి వచ్చినప్పుడు నీకు ఎవరు కనిపించారు?' అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

రహీం సాబ్ టోర్నమెంట్లు

నియమమే పాఠం చెప్పాలన్న ఈ ఆలోచన యూరప్ నుంచి వచ్చిందని అనుకోవడం ఇప్పుడు అలవాటైంది. 1940లలోనే హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం దీన్ని ఆచరణలో పెట్టారు. వృత్తిరీత్యా ఆయన స్కూలు టీచర్. ఆ రోజుల్లో మన ఆటగాళ్లకు డ్రిబ్లింగ్ అంటే ప్రాణం. బంతి దొరికితే ముగ్గురిని దాటేదాకా వదిలేవారు కాదు. ప్రేక్షకులూ దానికే చప్పట్లు కొట్టేవారు. పాస్‌లు ఇవ్వండని ఉపన్యాసాలు చెప్పే బదులు రహీం 'నాన్-డ్రిబుల్' టోర్నమెంట్లు పెట్టారు. డ్రిబ్లింగ్ నిషేధం కాబట్టి బంతి రాకముందే తర్వాతి పాస్ ఆలోచించుకోక తప్పదు. బలహీనమైన కాలితోనే ఆడాలనే టోర్నమెంట్లు కూడా నిర్వహించారు.

ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా భారత జట్టు 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాలు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ తరం వాడే. 1963లో రహీం మరణించారు. 2024లో అజయ్ దేవగన్ నటించిన 'మైదాన్' సినిమా వచ్చాక కొత్త తరానికి ఆయన పేరు తెలిసింది. సినిమా పతకాల గురించి చెప్పింది. కోచ్‌లకు కావలసింది ఆ టోర్నమెంట్ల సంగతి.

రహీం నియమాన్ని ఇవాళ యథాతథంగా తెచ్చి పదేళ్ల పిల్లల మీద పెట్టడం సరికాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆయన ముందున్నది డ్రిబ్లింగ్ మితిమీరిన పెద్ద ఆటగాళ్లు. ఆ జబ్బుకు ఆ మందు. ఇప్పటి అకాడమీ పిల్లల్లో చాలామందికి జబ్బు ఇంకొకటి. ఎదురుగా ఒక్కడు ఉన్నా దాటే ధైర్యం చేయకుండా వెంటనే వెనక్కి ఇచ్చేస్తారు. వీళ్లకు ఒకరికి ఒకరు ఆటలు ఎక్కువ కావాలి.

ఇప్పుడు ఎక్కడున్నాం?

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో గోల్డెన్ బేబీ లీగ్స్ మొదలుపెట్టింది. చిన్న జట్లు, చిన్న మైదానాలు, నెలల తరబడి సాగే పోటీలు దాని ఆలోచన. తర్వాత 'బ్లూ కబ్స్' పేరుతో ఇంకా చిన్న వయసు పిల్లల కార్యక్రమం వచ్చింది. మిజోరంలో నౌపాంగ్ లీగ్ అంతకుముందే ఈ తరహాలో నడిచింది. మిజో భాషలో నౌపాంగ్ అంటే పిల్లలు. కేరళ మలబార్‌లో సెవెన్స్ ఫుట్‌బాల్‌కు దశాబ్దాల చరిత్ర ఉంది, కానీ అది డబ్బు, జనం, పందెం ఉన్న పెద్దల ఆట. హైదరాబాద్, బెంగళూరుల నుంచి ఢాకా, కాఠ్‌మాండూ దాకా గంటకింత అని అద్దెకిచ్చే టర్ఫ్‌లు వెలిశాయి. వాటిలో ఐదుగురికి ఐదుగురు ఆడుతున్నది ఎక్కువగా ఆఫీసు అయిపోయాక వచ్చే ఉద్యోగులు. మధ్యాహ్నాలు అవి ఖాళీగానే ఉంటాయి.

కాగితం మీద ఉన్నది మైదానంలోకి రాకపోవడానికి కారణం డబ్బు మాత్రమే అనలేం. తల్లిదండ్రులకు పదకొండు మంది ఆడితేనే 'అసలు ఫుట్‌బాల్' అనిపిస్తుంది. స్కూలు యాజమాన్యానికి కప్పు కావాలి. కప్పు కావాలంటే పీఈటీ సార్ పెద్ద మైదానంలో గెలిచే జట్టును తయారు చేయాలి. పదకొండేళ్ల వయసులో పెద్ద మైదానంలో గెలవడానికి దగ్గర దారి, త్వరగా ఎదిగిన పొడుగు పిల్లలను ఎంచుకోవడం. వయసు తప్పుగా రాయించే జాడ్యం కూడా ఇక్కడి నుంచే బలం పుంజుకుంటుంది. నాలుగేళ్లు తిరిగేసరికి మిగతావాళ్లూ ఎదుగుతారు. అప్పటికి, చూడగలిగే, ఆలోచించగలిగే చిన్నపాటి కుర్రాడు ఆట మానేసి ఉంటాడు. నలుగురి ఆటలో పొడుగు వల్ల లాభం తక్కువ. బంతి ఎక్కువగా నేల మీదే ఉంటుంది, స్థలం తక్కువ కాబట్టి వేగంగా పరుగెత్తి దాటిపోయే వీలు ఉండదు.

జర్మనీ పిల్లల ఉత్సవాల పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. పక్కపక్కనే నాలుగైదు చిన్న మైదానాలు గీస్తారు. పది నిమిషాల మ్యాచ్ అయ్యాక గెలిచిన జట్టు ఒక మైదానం పైకి, ఓడిన జట్టు ఒకటి కిందికి జరుగుతుంది. రెండు మూడు రౌండ్లకే సమాన బలం ఉన్న జట్లు ఎదురుపడతాయి. పాయింట్ల పట్టిక ఉండదు, ఇంటికి తీసుకెళ్లడానికి కప్పు ఉండదు. అందరూ సమానంగా ఆడతారు. ఒక ఆదివారం ఉదయం, మండల స్థాయిలో, సున్నం బస్తాతో జరిపేయగల కార్యక్రమం ఇది.

చిన్న ఆట నేర్పనివి

చిన్న ఆటలతోనే అన్నీ రావు. నలభై మీటర్ల పాస్ ఇరవై మీటర్ల మైదానంలో ఎవరికీ రాదు. క్రాస్‌లు, ఎత్తులో వచ్చే బంతులు, గోల్‌కీపర్ తన గోల్ వదిలి ముందుకు రావాల్సిన సమయం, ఆఫ్‌సైడ్ గీతను కలిసి కాపాడటం వీటిలో దాదాపు కనిపించవు. చిన్న మైదానంలో ఆగడం, తిరగడం, మళ్లీ మొదలుపెట్టడం ఎక్కువ. యాభై మీటర్లు పూర్తి వేగంతో పరుగెత్తే అవసరం అరుదు. కాబట్టి పన్నెండు, పదమూడేళ్ల పిల్లలకు వీటిని విడిగా నేర్పాల్సిందే. వరుసల సాధనకు కూడా కొంత చోటు ఉంటుంది. ఎడమ కాలు బొత్తిగా ఆడని అమ్మాయికి గోడకు కొట్టి అందుకునే సాధన రోజూ పావుగంట మేలే చేస్తుంది.

నలుగురి ఆట నుంచి ఒకేసారి పదకొండులోకి దూకించడం కూడా సరికాదు. ఏడుగురి ఆటలో గోల్‌కీపర్, డిఫెండర్ల జంట, ముందు ఆడేవాడు అనే పాత్రలు మొదలవుతాయి. తొమ్మిది మందికి వచ్చేసరికి వెనక, మధ్య, ముందు అనే మూడు వరుసలు స్పష్టంగా ఏర్పడతాయి. అప్పుడు కూడా శిక్షణలో మొదటి అరగంట నలుగురికి నలుగురుగానే సాగించే కోచ్‌లు ఉన్నారు. పెద్ద మైదానంలో కుడి బ్యాక్, కుడి మిడ్‌ఫీల్డర్, కుడి వింగర్, వాళ్ల పక్కన దిగే సెంటర్ ఫార్వర్డ్ కలిసి చేసేది ఆ నలుగురి ఆటనే. అవతలివైపు వాళ్లకు ఎదురుగా ఉండేదీ నలుగురే.